మూడు గళ్ల డైరీ, రెండు దస్తాల పుస్తకం

ఏడాది చివర కూర్చొని జరిగినదాన్ని నెమరు వేసుకోవడానికీ, మేలు చేసినవారిని తలుచుకోవడానికీ పనికొస్తుందని చెప్పి అమ్ముతున్న ఒక "కృతజ్ఞతా డైరీ"ని నేను అక్టోబరులో ఆన్‌లైన్‌లో తెప్పించుకొని, కార్తిక పౌర్ణమి మర్నాటి నుంచి డిసెంబరు 21 దాకా 46 రోజులు రాశాను. వెల 649 రూపాయలు. నౌపడా నుంచి 1900లోనే చిన్న రైలు వచ్చిన మా ఊరికి, ఒడిశాలోని పర్లాకిమిడికి, ఈ పార్సిలు చేరడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. తయారు చేసిన కంపెనీ పేరు చెప్పను; ఇదే కొలతలో, ఇదే గళ్లతో నాలుగైదు కంపెనీల డైరీలు దొరుకుతున్నాయి, మా మేనకోడలి దగ్గరున్న మరొకటి తిరగేశాక వాటి గుణదోషాలు ఇంచుమించు ఉమ్మడివేనని నాకు తోచింది. కాబట్టి దీన్ని ఆ తరహా డైరీలన్నిటి మీదా అభిప్రాయంగా చదువుకోవచ్చు.

నేను ఈ ఊరి తెలుగు బడిలో 31 ఏళ్లు పాఠాలు చెప్పి విరమించుకున్న మనిషిని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏడాది అంటే పరీక్షలూ, ఫలితాలూ, కొత్త హాజరు పట్టీ. ఆ మూడూ పోయాక రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏ పని ఏ నెలలో జరిగిందో కూడా చెప్పలేని స్థితి వచ్చింది. నిజానికి మా ఊళ్లో ఏడాది చాలాసార్లు ముగుస్తుంది. ఉగాదికి ఒకసారి, ఒడియావారి పణా సంక్రాంతికి ఒకసారి, దుకాణాల లెక్కలకు మార్చి 31న ఒకసారి, క్యాలెండరు మార్చడానికి డిసెంబరు 31న ఒకసారి. ఇన్ని ముగింపులున్నా ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకోలేదన్న వెలితితోనే ఈ డైరీ కొన్నాను. పక్షపాతం లేకుండా మొదలుపెట్టానని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. అట్ట గట్టిది, పైన లేత ఆకుపచ్చ గుడ్డ అతికించారు, గుర్తు కోసం ఒక రిబ్బను ఉంది, చేతిలో పట్టుకుంటే బాగుంటుంది. లోపలి కాగితం చూడడానికి మీగడ రంగులో ముచ్చటగా ఉంటుంది గాని పలుచన. బాల్‌పెన్నుతో రాస్తే ఇబ్బంది లేదు. నాలాగా ఇంకుపెన్ను వదలలేనివారు రాస్తే అక్షరం వెనక పేజీలోకి దిగి, మర్నాటి ఉదయపు గడిలో నిన్నటి రాత్రి నీలిమరకలుగా కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద లోపం కుట్టు లేకపోవడం. పేజీలన్నిటినీ వెన్ను దగ్గర జిగురుతో అతికించి వదిలారు. డైరీని బల్లమీద పరిస్తే పరుచుకోదు, ఎడమచేత్తో అదిమి పట్టుకొని కుడిచేత్తో రాయాలి. అలా అదిమీ అదిమీ ఐదో వారానికి మధ్యలో ఆరు పేజీలు ఊడి చేతికొచ్చాయి. మూడు నెలలు రోజుకు రెండుసార్లు తెరవవలసిన పుస్తకాన్ని ఇలా కట్టినవారు దాన్ని తాము ఒక్క వారమైనా వాడి చూశారా అన్న అనుమానం వచ్చింది.

లోపలి అమరిక ఇలా ఉంటుంది. 90 రోజులకు రోజుకు రెండు పేజీలు. ఎడమ పేజీలో ఉదయం పూట మూడు గళ్లు, కుడి పేజీలో రాత్రి పూట మూడు గళ్లు, ఒక్కో గడిలో ఒక వరుస. పేజీ అడుగున ఆ రోజు మనసెలా ఉందో చెప్పడానికి నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా ఐదు బొమ్మలు, వాటిలో ఒకదానికి సున్నా చుట్టాలి. పైన ఒక సూక్తి. చివర్లో "ఏడాదిని తిరిగి చూసుకోవడం" అన్న పేరుతో ఇరవై పేజీల విభాగం. స్టిక్కర్లు కూడా ఇచ్చారు. అవి మా ఎదురింటి పిల్లకు ఇచ్చేశాను, ఈ డైరీ వల్ల ఇప్పటిదాకా అందరికన్నా సంతోషించింది ఆ పిల్లే.

తెలుగు ప్రతి అని ప్రకటనలో రాశారు కాబట్టి దాని తెలుగు గురించి కూడా చెప్పాలి. "నేను ఈ ఉదయం దేని కొరకు కృతజ్ఞతను కలిగి ఉన్నాను?" అన్నది మొదటి ప్రశ్న. 1880లో ఈ ఊరి రాజావారి బడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, సవరల భాష నేర్చుకొని, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ వాక్యం చూసి ఉంటే ఏమనేవారో నాకు తెలియదు గాని, నేను మాత్రం ఎర్రసిరా తీసి దిద్దాను. దోషం వ్యాకరణంలో లేదు. కృతజ్ఞతను కలిగి ఉండడమన్నది మన ఇళ్లలో ఎవరూ చేయని పని. మేలు పొందినప్పుడు మనవాళ్లు అనే మాటలు వేరు. "నీ కడుపు చల్లగా", "నీకు పుణ్యముంటుంది", "మీ రుణం ఎలా తీర్చుకోను", "వేళకు దేవుడిలా వచ్చావు బాబూ" అంటారు. ఈ మాటలన్నిటిలోనూ ఎదుట ఒక మనిషి ఉంటాడు. కొన్నిటిలో ఆ మనిషికి దీవెన ఉంటుంది, కొన్నిటిలో మన మీద బాకీ ఉంటుంది. డైరీలోని వాక్యంలో ఈ రెండూ లేవు, నేనూ నా మనఃస్థితీ తప్ప. ఇది అనువాదంలో జరిగిన పొరపాటు మాత్రమే అనుకున్నాను మొదట. వాడినకొద్దీ ఇది ఆ డైరీ పద్ధతిలోనే ఉన్న లోపమని అర్థమయింది.

మొదటి వారం మాత్రం నిజంగా బాగుంది, ఆ మాట దాచను. ఏమి రాయాలా అని వెతుక్కోవడంతో చూపు కొంత పదునెక్కింది. మహేంద్రతనయ ఒడ్డున పొద్దున్నే మంచు విడిపోవడం, కొండమీది నుంచి దిగి వచ్చే సవర ఆడవాళ్లు తెచ్చే పసుపు కొమ్ముల వాసన, నీళ్ల మోటారు ఆ రోజు మొరాయించకపోవడం లాంటివి రాశాను. రెండో వారానికి కాఫీ, ఎండ, మనవరాలి ఫోను అనే మూడు మాటలు రాత్రి గళ్లలో కాపురం పెట్టాయి. మూడో వారానికి అది హాజరు పట్టీ అయిపోయింది. పిల్లలు వచ్చారా లేదా అని తల ఎత్తకుండానే "ప్రెజెంటు" గుర్తులు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి, ఇదీ సరిగ్గా అలాగే సాగింది. ఆరు గళ్లు ఖాళీగా ఉంటే మనసు ఒప్పదు, నింపితే అందులో మనసుండదు. ఒక రాత్రి నిద్రమత్తులో, కరెంటు పోయిన రోజునే, "కరెంటు ఉంది" అని రాసి పడుకున్నాను.

ఒక్క వరుస గడి ఎంత ఇరుకో నాకు తెలిసింది ప్రథమాష్టమి నాడు. మా వైపు సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను: కార్తిక పౌర్ణమి వెళ్లిన ఎనిమిదో రోజున ఒడియా ఇళ్లలో ఇంటి తొలిచూలు బిడ్డకు హారతి పట్టి, దీర్ఘాయువు కోరి, మేనమామ ఇంటినుంచి వచ్చిన కొత్త బట్టలు కడతారు. ఆ పూట ఎండూరి పిఠా వండుతారు. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో కొబ్బరి, బెల్లం పెట్టి, పసుపు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే కుడుము అది. మా పక్కింటి ఒడియా ఆవిడ పాతికేళ్లుగా ఏటా నాకు ఆ పిఠాలు పంపుతోంది, నేను ఏటా గిన్నె కడిగి అందులో నాలుగు బూరెలు వేసి తిరిగి పంపుతున్నాను. ఈసారి గిన్నెతో పాటు తనే వచ్చింది. "నానీ, నువ్వు మీ అమ్మకు పెద్దపిల్లవని ఎప్పుడో చెప్పావు కదా, ఇప్పుడు నీకెవరు చేస్తారు?" అని నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. (ఒడియాలో నానీ అంటే అక్క, బయటి ఊళ్ల తెలుగువాళ్లు వింటే ఎవరో కుర్రాణ్ణి పిలుస్తోందనుకుంటారు.) అమ్మ పోయి పదకొండేళ్లయింది. నా వయసు 64. ఆ పూట ఏమి జరిగిందో రాయడానికి రాత్రి డైరీ తెరిస్తే ఒక వరుస గడి, అడుగున ఐదు మొహాలు ఎదురయ్యాయి. ఏ మొహానికీ సున్నా చుట్టలేకపోయాను. పాత నోటుపుస్తకం ఒకటి తీసి అందులో మూడు పేజీలు రాశాను. ఈ సమీక్షకు అసలు కారణం ఆ మూడు పేజీలే.

డైరీ వెనక అట్ట మీద "21 రోజుల్లో మీలో మార్పు, శాస్త్రీయంగా నిరూపితం" అని ఉంది. పిల్లలకు ఏ మాటైనా ఎక్కడిదని అడగమని నేర్పిన అలవాటుకొద్దీ వెతికి చదివాను. అమెరికాకు చెందిన రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెక్‌కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల దగ్గర ఈ ధోరణి ఊపందుకుంది. మొదటి ప్రయోగంలో విద్యార్థులను మూడు గుంపులు చేసి, ఒక గుంపు చేత జీవితంలో అందిన మేళ్లను, ఇంకొక గుంపు చేత చికాకులను, మూడో గుంపు చేత జరిగిన సంగతులను వారానికి ఒకసారి, ఐదేసి దాకా, పది వారాల పాటు రాయించారు. మేళ్లు రాసినవారు తమ జీవితం గురించీ రాబోయే వారం గురించీ మిగతావారికన్నా మెరుగ్గా భావించారని తేలింది. రోజూ రాయించిన ప్రయోగం కూడా వారిదే ఉంది, అదీ ఫలించింది, అయితే అది రెండు వారాల పాటు సాగినది. 21 రోజుల అంకె వారి మూడో ప్రయోగంలో ఉంది. అది నరాలు, కండరాల జబ్బులతో ఉన్న పెద్దల చేత చేయించినది. అంటే అంకె దొరికింది గాని, దాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టడంలో మధ్యలో చాలా సంగతులు జారిపోయాయి.

అదే విషయం మీద సోన్యా లుబోమిర్స్కీ బృందం ఆరు వారాలు చేయించిన ప్రయోగం నాకు ఇంకా పనికొచ్చింది. అందులో వారానికి ఒకసారి తమ మేళ్లను లెక్కపెట్టుకున్నవారి సంతోషం పెరిగింది. వారానికి మూడుసార్లు రాసినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. మరీ తరచుగా చేస్తే పని పాతబడి రుచి పోతుందని వారు ఊహించారు. రాత్రి గళ్లలో కాఫీ, ఎండ, ఫోను తిష్ఠ వేయడానికి కారణం నా సోమరితనమేనని నొచ్చుకుంటున్న నాకు ఇది చదివాక కొంత ఊరట కలిగింది. మార్టిన్ సెలిగ్‌మన్, సహ పరిశోధకులు 2005లో ప్రచురించిన మరొక ప్రయోగంలో వారం రోజులు ప్రతి రాత్రీ మూడు మంచి సంగతులను రాయించారు. ఈ డైరీ మూడు గళ్లకు మూలం అదే కావచ్చు. కాని అక్కడ ప్రతి సంగతి పక్కనా అది ఎందువల్ల జరిగిందో కూడా రాయాలి. డైరీ చేసినవారు మూడు అంకెను తీసుకొని, "ఎందువల్ల" అన్న ప్రశ్నను వదిలేశారు. ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అనుభవం చెబుతోంది, ఎందుకంటే మంచి సంగతి ఎందువల్ల జరిగిందని అడిగిన మరుక్షణం ఎవరో ఒక మనిషి పేరు బయటికొస్తుంది. "నీళ్లు వచ్చాయి" అని గడిలో రాస్తే అక్కడితో ఆగిపోతుంది. ఎందువల్ల వచ్చాయని అడిగితే రాత్రి తొమ్మిది గంటలకు టార్చిలైటు పట్టుకొని మోటారు విప్పిన మెకానిక్కు గుర్తొస్తాడు, అతనికి ఇంకా నూట యాభై రూపాయలు ఇవ్వాలన్నదీ గుర్తొస్తుంది.

వారానికి ఒకసారి అన్న మాట చదవగానే నవ్వు వచ్చింది, ఎందుకంటే ఆ వారం ఏదో మా వీధికి ఎవరూ చెప్పనక్కరలేదు. మార్గశిరం లక్ష్మివారాలు ఇక్కడ రెండు జతలు. ఒడియావారికి నెల పౌర్ణమి మర్నాడు మొదలవుతుంది కాబట్టి కార్తిక పౌర్ణమి దాటగానే వచ్చే గురువారం వారి మాణబసా పూజ ఆరంభం. మనకు నెల అమావాస్య తరవాత మొదలవుతుంది కాబట్టి మన లక్ష్మివారాలు ఒక పక్షం వెనక వస్తాయి. రెండు జతలూ కలిపితే నవంబరు, డిసెంబరు నెలల్లో వరసగా ఆరేడు గురువారాలు వీధిలో ఏదో ఒక ఇంటి గడపకు బియ్యప్పిండి ముగ్గు తడిగా ఉంటుంది. కొత్త ధాన్యంతో మాణను నింపి పీట మీద పెట్టి పూజిస్తారు; మాణ అంటే మన మానిక వంటి కొలపాత్ర. నాకు ఇందులో ఎప్పుడూ వింతగా తోచేది అదే. ఏడాది పంటకు దణ్ణం పెట్టేటప్పుడు ధాన్యాన్ని రాశిగా పోయకుండా, కొలిచి పెడతారు. ఎంత వచ్చిందో తెలుసుకోకుండా చేసే దణ్ణానికి విలువ లేదని పెద్దవాళ్లు అనుకున్నట్టున్నారు.

ఆ పూట చదివే లక్ష్మీపురాణ కథ కూడా ఈ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. శ్రియా అనే అంటరాని స్త్రీ ఇంటికి వెళ్లినందుకు లక్ష్మిని గుడిలోంచి వెళ్లగొట్టిన అన్నదమ్ములు బలభద్ర, జగన్నాథులు పన్నెండేళ్లు అన్నం పుట్టక తిరిగి, చివరికి ఆమె చేతి వంటే తినవలసి వస్తుంది. తాము తింటున్నది ఎవరి చేతి కూడో మరిచిపోయినవారి కథ అది. పక్కింటి అరుగు మీద ఆవిడ చదువుతుంటే వింటూ, ఆ గురువారం నుంచి నేను డైరీ రాయడం రోజుకు రెండుసార్ల నుంచి వారానికి ఒకసారికి మార్చుకున్నాను. గళ్ల గీతల మీదుగానే రాసేశాను. తరవాతి పేజీలు ఈ 46 రోజుల డైరీలో చదవదగిన భాగం.

ఇక చివరి ఇరవై పేజీల విభాగానికి వస్తే, కంపెనీని మెచ్చుకోవాలి. ముప్పై దాకా ప్రశ్నలున్నాయి, అందులో సగం అటకెక్కించదగినవి. "ఈ ఏడాదిని ఒక రంగుతో పోల్చండి" అంటే ఏం పోలుస్తాం? కానీ నాలుగు ప్రశ్నలు మాత్రం 649 రూపాయల్లో తలో యాభైకి తగినవి. "ఈ ఏడాది మీరు ఏ పని చేయడం ఆపేశారు?", "ఎవరితో మాట్లాడడం తగ్గింది?", "ఏ భయం నిజం కాలేదు?", "ఎవరికి చెప్పవలసిన మాట చెప్పలేదు?" అన్నవి ఆ నాలుగూ. మూడో ప్రశ్నకు నేను రెండు పేజీలు రాశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా కొండల్లో చేసిన నాశనాన్ని చూసినప్పటి నుంచి ఏ అక్టోబరులో గాలి లేచినా నాకు నిద్ర పట్టదు. ఈ ఏడాది ఎన్ని రాత్రులు అలా మేలుకొని ఉన్నానో, వాటిలో ఎన్నిటికి తెల్లవారి పెరట్లో అరటాకు కూడా చిరగలేదో అన్న లెక్క అప్పుడే మొదటిసారి వేసుకున్నాను.

నాలుగో ప్రశ్న దగ్గర కలం ఆగింది. పింఛను తీసుకునేవారందరికీ నవంబరు నెలంటే బతికే ఉన్నామని రుజువు చేసుకోవలసిన నెల. ఆ జీవన ప్రమాణ పత్రం కోసం ఇదివరకు వెళ్లి వరసలో నిలబడేదాన్ని. ఈసారి మోకాలు నొప్పితో కదలలేకపోతే, నా దగ్గర ఆరో తరగతి చదివిన అబ్బాయి, ఇప్పుడు మొబైల్ కొట్టు నడుపుతున్నాడు, తనే ఇంటికి వచ్చి నా మొహాన్ని ఫోనుకు చూపించి పదినిమిషాల్లో పని ముగించాడు. డబ్బు తీసుకోలేదు. "టీచరుగారూ, కనురెప్పలు ఒకసారి ఆర్పండి, బతికున్నట్టు దానికి నమ్మకం కుదరాలి" అని నవ్వించాడు కూడా. ఆ రోజు డైరీ తిరగేసి చూస్తే రాత్రి గళ్లలో "కాఫీ, ఎండ, పింఛను పని అయింది" అని ఉంది. పని అయిందట. దానంతట అదే అయినట్టు రాశాను. మర్నాడు ఆ కొట్టుకు వెళ్లి చెప్పవలసిన మాట చెప్పాను, ఆ అబ్బాయి మొహమాటపడి ఫోను కవరు ఒకటి ఉచితంగా ఇవ్వబోయాడు, దాంతో మళ్లీ బాకీ పడ్డాను.

ఈ మంచి విభాగంలోనే నాకు వచ్చిన ప్రతిలో ఎనిమిది పేజీలు రెండుసార్లు పడి, వాటి స్థానంలో ఉండవలసిన ఎనిమిది పేజీలు లేవు. ఫిర్యాదు చేస్తే నాలుగు రోజులకు ఇంగ్లీషులో క్షమాపణ వచ్చింది, తప్పిన పేజీలను ఫైలుగా పంపి అచ్చు తీసుకోమన్నారు. బజారులో అచ్చుకు పదహారు రూపాయలయింది. కొత్త ప్రతి పంపడానికి నిరాకరించారు. తెలుగులో డైరీ అమ్మేవారు తెలుగులో జవాబివ్వగలిగి ఉండాలని అడగడం ఎక్కువేమీ కాదనుకుంటాను.

డైరీలో బొత్తిగా లేనిది ఒకటుంది, దాన్ని ఏ అచ్చు తప్పు కిందా తీసివేయలేం. నాకు అందినవి రాయమంటుంది, నేను ఇచ్చినవీ, నేను పెట్టిన ఇబ్బందులూ అడగదు. జపాన్‌లో యోషిమోతో ఇషిన్ అనే ఆయన గత శతాబ్దంలో నైకన్ అనే ఆత్మపరిశీలన పద్ధతి ఒకటి రూపొందించారు. అందులో ఒక్కొక్క మనిషిని, సాధారణంగా తల్లితో మొదలుపెట్టి, తలుచుకొని మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఆ మనిషి నుంచి నేను పొందింది ఏమిటి, తిరిగి ఇచ్చింది ఏమిటి, ఆ మనిషికి కలిగించిన కష్టం ఏమిటి. ఆ మనిషి నన్ను పెట్టిన కష్టం ఏమిటన్న నాలుగో ప్రశ్న కావాలనే వదిలేశారు; అది అడగకపోయినా మనకు కంఠతా వచ్చు కదా. ఇది చదివినప్పుడు నాకు జపాన్ కన్నా ముందు మా నాన్నగారి చిట్టా పుస్తకం గుర్తొచ్చింది. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, అడుగున నిలవ. రాత్రి చిట్టా ముగియకుండా కంచం ముందు కూర్చొనేవారు కారు. జమ మాత్రమే రాసే గుమాస్తాను ఏ యజమానీ ఒక్క రోజు కూడా ఉంచుకోడు. ఈ డైరీ నా చేత 46 రోజులు జమ మాత్రమే రాయించింది.

అందుకని డిసెంబరు మూడో వారంలో బజారులో పుస్తకాలు కట్టే ముసలాయన దగ్గరికి వెళ్లి రెండు దస్తాల పుస్తకం ఒకటి కట్టించుకున్నాను. దస్తాకు 24 ఠావులు, మడిస్తే 96 పేజీలు, రెండు దస్తాలకు 192 పేజీలు. కాగితం నేనే ఎంచుకున్నాను, ఇంకు దిగనిది. ఆయన ఠావులను ఫారాలుగా మడిచి, దారంతో కుట్టి, మైదాపిండి ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురుతో అట్ట అతికించి, వెన్నుకు కాలికో గుడ్డ వేశారు. మైలుతుత్తం వేస్తే పురుగు ముట్టదు. "ఎన్ని గీతలు గీయమంటారు టీచరమ్మా, జమా ఖర్చేనా?" అని అడిగారు. మూడు నిలువు గళ్లు కావాలన్నాను. మూడోది దేనికని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అంతా కలిపి 180 రూపాయలు. మూడు రోజుల్లో ఇస్తానని ఐదు రోజులు చేశారు, ఒక మూల అట్ట కాస్త వంకర, ముందు పేజీ మీద జిగురు చుక్క పడింది. ఇవి లోపాలే. కానీ పుస్తకం బల్లమీద పరిస్తే పరుచుకుంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వారానికి రెండు పేజీల చొప్పున దాదాపు ఏడాది పది నెలలు వస్తుంది.

రెండు లక్ష్మివారాలు అందులో రాశాను. మొదటి గడిలో పేరు, ఆ పేరు పక్కన అందినది, ఎందువల్ల అందిందో. రెండో గడిలో నేను తిరిగి చేసినది. మూడో గడిలో ఆ మనిషికి నావల్ల కలిగిన ఇబ్బంది. పక్కింటి ఆవిడ పేరు దగ్గర మొదటి గడి నిండిపోయింది. రెండో గడిలో "బూరెలు" అని రాశాను. మూడో గడిలో, ఒకప్పుడు పాఠాల వేళ వాళ్ల ఇంట్లో రేడియో మోగుతోందని ఏడాది పొడవునా గోడ తట్టిన సంగతి రాశాను. పాతికేళ్లలో ఆవిడ ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఇలా రాయడం సుఖంగా ఉండదని ముందే చెబుతున్నాను. డైరీ అమ్మేవారు ఆ మూడో గడి పెట్టకపోవడానికి కారణం బహుశా అదే. పచ్చ గుడ్డ అట్ట కొనేవారికి రాత్రిపూట హాయిగా నిద్ర పట్టాలి కదా.

ఎవరు కొనాలి అంటే, రాసే అలవాటు బొత్తిగా లేనివారికి, తెల్లకాగితం చూస్తే భయపడేవారికి ఈ అచ్చు డైరీ మొదటి రెండు వారాలు తోడుగా ఉంటుంది. అందుకు 649 రూపాయలు ఎక్కువ, 250 అయితే సబబు. పిల్లలకు బహుమతిగా ఇవ్వాలనుకునేవారు కొనవచ్చు, స్టిక్కర్లు బాగున్నాయి. దిగులు తీవ్రంగా ఉన్నవారు దీన్ని మందుగా అనుకోవద్దు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఐదు మొహాల్లో రోజూ ఏడుపు మొహానికే సున్నా చుడుతూ పోవడం వల్ల ఇంకా కుంగిపోయే ప్రమాదం ఉంది. ఇంకుపెన్నువారు వద్దేవద్దు. కాగితానికి ఐదులో రెండు, కట్టుకు ఒకటి, భాషకు ఒకటి, చివరి విభాగంలోని ఆ నాలుగు ప్రశ్నలకు నాలుగున్నర వేస్తాను. ఆ నాలుగూ పైన రాశాను గనక వాటి కోసం డైరీ కొననక్కరలేదు.

పుస్తకం కట్టించుకోదలచినవారు ధనుర్మాసంలోనే చెప్పుకోవడం మంచిది. పండుగ దాటితే ఆయన బడుల రికార్డు పుస్తకాల పనిలో పడి మార్చి దాకా బయటి పని ముట్టుకోరు. ఎర్ర కాలికో ప్రస్తుతం అయిపోయిందట, నలుపూ నీలమూ ఉన్నాయి.